అబూ మెనా: హతసాక్షి సమాధి, శిథిల నగరం, మఠం

అబూ మెనా ఈజిప్టులో, అలెగ్జాండ్రియా నగరానికి నైరుతిగా సుమారు 45 కిలోమీటర్ల దూరాన, మర్యూత్ ఎడారి అంచున ఉన్న ప్రాచీన క్రైస్తవ పుణ్యక్షేత్రం. క్రీ.శ. 5వ శతాబ్దం నుంచి 7వ శతాబ్దం దాకా మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల యాత్రికులు మెనాస్ అనే హతసాక్షి సమాధిని దర్శించుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. ఆ సమాధి మీద మొదట ఒక చిన్న కట్టడం లేచింది. తర్వాత దాని చుట్టూ చర్చిలు, సత్రాలు, స్నానశాలలు, అంగళ్లు, చివరికి ప్రహరీ గోడతో సహా ఒక నగరమే వెలిసింది. ఆ నగరం పాడుపడి కొన్ని వందల ఏళ్లు ఇసుకలో కూరుకుపోయింది. 1905లో మొదలైన తవ్వకాల్లో తిరిగి వెలుగు చూసింది. శిథిలాలకు కనుచూపు మేరలో 1959లో పునాది పడిన మార్ మీనా మఠం ఈనాడు ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులకు ముఖ్యమైన యాత్రాస్థలం.

యునెస్కో 1979లో ఈజిప్టుకు సంబంధించి తొలి విడతగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన స్థలాల్లో గీజా పిరమిడ్లు, లక్సర్ దేవాలయాలు, ఇస్లామిక్ కైరో, నూబియా కట్టడాలతో పాటు అబూ మెనా కూడా ఉంది. మిగిలిన నాలుగింటి పేరు వినని వాళ్లు అరుదు. అబూ మెనా పేరు మాత్రం పురాతత్వ శాస్త్రజ్ఞులనూ కాప్టిక్ క్రైస్తవులనూ దాటి పెద్దగా బయటకు రాలేదు. తెలుగు రాష్ట్రాల నుంచి బయలుదేరే పవిత్ర భూమి యాత్రల్లో ఈజిప్టు భాగం సాధారణంగా కైరోతో, సీనాయి కొండతో ముగిసి, బస్సు ఇజ్రాయెల్ సరిహద్దు వైపు తిరుగుతుంది. బైబిల్లో ప్రస్తావన లేని ఊరు కాబట్టి అబూ మెనా ఆ దారిలో పడదు. కానీ బైబిలు కాలం తర్వాత తొలి క్రైస్తవులు ఎలా బతికారు, ఎలా మొక్కుకున్నారు, జబ్బు చేస్తే ఎక్కడికి పరుగెత్తారు అన్న ప్రశ్నలకు ఇంత వివరంగా జవాబు చెప్పే స్థలాలు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి.

మెనాస్ కథ

కాప్టిక్ సంప్రదాయం ప్రకారం మెనాస్ 3వ శతాబ్దం చివర ఈజిప్టులో ఒక అధికారి ఇంట పుట్టాడు. కాప్టులు ఆయన్ని మీనా అంటారు. చిన్న వయసులోనే తల్లిదండ్రులు పోయారు. రోమన్ సైన్యంలో చేరాడు. డయోక్లీషియన్ చక్రవర్తి కాలంలో క్రైస్తవుల మీద హింస మొదలయ్యాక కొలువు వదిలి ఎడారికి వెళ్లి ఏకాంతంగా ప్రార్థనలో గడిపాడు. కొన్నేళ్లకు తిరిగి వచ్చి, జనమంతా గుమిగూడిన ఒక ఉత్సవంలో నిలబడి తాను క్రైస్తవుణ్ణని ప్రకటించాడు. చిత్రహింసలు పెట్టి తల నరికారు. కాప్టిక్ సంప్రదాయం ఈ మరణాన్ని 309వ సంవత్సరంలో, ఆయన ఇరవై నాలుగో ఏట పెడుతుంది. గ్రీకు కథనాలు దీన్ని ఇంకొంచెం ముందటి ఏళ్లలో పెట్టి, ఆసియా మైనర్‌లోని ఫ్రిజియా ప్రాంతంలో జరిగిందంటాయి.

ఆయన భౌతికకాయం ఈ ఎడారికి ఎలా చేరిందన్న దగ్గర కథ రెండు పాయలుగా చీలుతుంది. మొదటి పాయలో ఒంటె మీద తీసుకువెళ్తుండగా అది ఒకచోట ఆగిపోయింది, ఎంత కొట్టినా కదలలేదు. వేరే ఒంటె మీదికి మార్చినా అంతే. దైవనిర్ణయం ఇదేననుకుని అక్కడే సమాధి చేశారు. రెండో పాయలో ఓడ మీద తెస్తుండగా ఒంటె మెడలాంటి పొడవాటి మెడలున్న జంతువులు సముద్రంలోంచి పైకి లేచాయి, ఆ శరీరం ముందు తలలు వంచాయి. మెనాస్ చిత్రాల్లో సాధారణంగా ఆయన చేతులు పైకెత్తి ప్రార్థిస్తూ నిలబడి ఉండటం, రెండు పక్కలా రెండు ఒంటెలు తల వంచి మోకరిల్లి ఉండటం ఈ కథల వల్లే.

సమాధి జాడ కొంతకాలానికి చెరిగిపోయింది. ఒక గొర్రెల కాపరి మందలో గజ్జి పట్టిన గొర్రె అక్కడి నీటిలో తడిసి, ఆ మట్టిలో పొర్లి నయమై లేచింది. కాపరి ఆ మట్టిని నీళ్లతో కలిపి రోగులకు పూయసాగాడు. ఆ సంగతి విని కుష్ఠు వ్యాధి ఉన్న ఒక రాకుమారి కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చిందనీ, స్వస్థత పొందిన రాత్రి కలలో మెనాస్ కనిపించి తాను ఉన్న చోటు చూపాడనీ, తవ్వితే అస్థికలు దొరికాయనీ చెబుతారు. ఈ కథను అక్షరాలా నమ్మాలా వద్దా అనేది చదివేవారి ఇష్టం. చరిత్రకారుడికి మాత్రం ఇందులో ఒక గట్టి సమాచారం ఉంది. ఈ క్షేత్రానికి జనం మొదటి నుంచీ వచ్చింది ప్రధానంగా రోగాలు నయం చేసుకోవడానికి. తవ్వకాల్లో బయటపడిన గదులు, స్నానశాలలు, మట్టి కుప్పెలు అన్నీ ఆ మాటే చెబుతున్నాయి.

సమాధి నుంచి నగరానికి

4వ శతాబ్దం చివరినాటికి భూగర్భంలోని సమాధి మీద ఒక చిన్న స్మారక కట్టడం ఉండేది. యాత్రికులు పెరిగేకొద్దీ దాన్ని పెంచుతూ, పడగొట్టి మళ్లీ కడుతూ పోయారు. పెద్ద చర్చి కట్టడానికి ఆర్కేడియస్ చక్రవర్తి (395–408) ఆదేశించాడని సంప్రదాయం. జీనో చక్రవర్తి (474–491) పేరు కూడా ఈ క్షేత్రం వృద్ధితో ముడిపడి ఉంది. సమాధి మీది చర్చిని 6వ శతాబ్దంలో, జస్టినియన్ కాలంలో, నాలుగు దిక్కులా అర్ధవృత్తాకారపు గోడలున్న కట్టడంగా పూర్తిగా తిరగకట్టారు.

అలెగ్జాండ్రియాలో ఓడ దిగిన యాత్రికుడు మర్యూత్ సరస్సు మీద పడవలో దక్షిణ తీరానికి వచ్చేవాడు. అక్కడ యాత్రికుల కోసమే రేవు కట్టలతో, సత్రాలతో ఫిలోక్సెనిటే అనే పట్నం ఏర్పాటైంది. అక్కడి నుంచి ఎడారి దారి. వేడిమి, దుమ్ము, దొంగల భయం దాటి వచ్చేవాడికి దూరాన చర్చి కప్పులు కనబడేవి. ఆ కాలపు రాజ్యం ఈ దారిని పట్టించుకోకుండా వదిలేయలేదు. యాత్రికుల రక్షణకు సైనికులను ఉంచారని పాత కాప్టిక్ రచనలు చెబుతాయి. చక్రవర్తికీ అలెగ్జాండ్రియా పీఠాధిపతికీ ఇద్దరికీ ఈ క్షేత్రం మీద పట్టు కావాలి. 451లో జరిగిన కాల్సెడన్ సభ తర్వాత క్రీస్తు స్వభావం గురించిన వాదంలో ఈజిప్టు క్రైస్తవుల్లో అత్యధికులు చక్రవర్తి పక్షం నుంచి విడిపోయారు. ఎవరి చేతిలో అబూ మెనా ఉంటే వారికి జనంలో అంత పలుకుబడి. అందుకే ఇక్కడి చర్చిల చరిత్రలో రాయి, సున్నంతో పాటు రాజకీయం కూడా కలిసి ఉంది.

మట్టి కుప్పెలు

ఈ క్షేత్రం పేరు దేశాంతరాలకు మోసుకుపోయిన వస్తువు అరచేతిలో ఇమిడే మట్టి కుప్పె. ప్రపంచంలోని పెద్ద పెద్ద మ్యూజియాల్లో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ పారిస్ లూవ్ర్‌లోనూ, ఇవి అద్దాల బీరువాల్లో వరసగా కనిపిస్తాయి. తయారీ చాలా తేలిక. రెండు అచ్చుల్లో మట్టిని ఒత్తి రెండు గుండ్రని పలకలు తీస్తారు. వాటిని అంచుల దగ్గర కలిపి అతికిస్తారు. పైన సన్నని మెడ, మెడకు రెండు వైపులా చిన్న చెవులు పెడతారు. దారం కట్టి మెడలో వేసుకోవడానికో, నడుముకు వేలాడదీసుకోవడానికో ఆ చెవులు. బట్టీలో కాల్చగానే సరుకు సిద్ధం. కుప్పెలను కాల్చిన బట్టీలు క్షేత్రంలోనే దొరికాయి.

ముఖం మీద బొమ్మ దాదాపు ఎప్పుడూ ఒకటే: చేతులు చాచిన మెనాస్, పాదాల దగ్గర రెండు ఒంటెలు. కొన్నిటి మీద చుట్టూ చుక్కల వలయం, కొన్నిటి మీద అది మెనాస్ ఆశీర్వాదమని చెప్పే గ్రీకు అక్షరాలు. వెనకవైపు ఒక్కోసారి ఓడ ఉంటుంది, ఒక్కోసారి శిలువ. క్రూరమృగాల మధ్య నిలబడ్డ తెక్లా అనే మరో పుణ్యస్త్రీ బొమ్మ ఉన్నవి కూడా కొన్ని ఉన్నాయి. అచ్చు అరిగిపోయాక తీసినవాటిలో మెనాస్ ముఖం ఒట్టి ఉబ్బుగా మిగిలింది, ఒంటెలు రెండు వంకర గీతలయ్యాయి. అయినా వాటిని పారేయలేదు, అమ్మారు, యాత్రికులు కొన్నారు. కొన్నవాడికి కావలసింది బొమ్మ నాణ్యత కాదు.

లోపల పోసుకునేది క్షేత్రపు నీరు, లేదా సమాధి ముందు వెలిగే దీపంలోని నూనె. కాశీకి పోయినవాళ్లు మూతికి సీలు వేసిన గంగ చెంబు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నట్టే, ఆ యాత్రికులు ఈ కుప్పెను తమ ఊరికి పట్టుకుపోయి రోగం వచ్చినప్పుడు వాడుకునేవారు, కష్టం వచ్చినప్పుడు దగ్గర పెట్టుకునేవారు. ఇవి ఎక్కువగా 5వ శతాబ్దం చివర నుంచి 7వ శతాబ్దం మధ్య దాకా తయారైనవి. ఇప్పుడు దొరుకుతున్న చోట్లను పటం మీద గుర్తిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అలెగ్జాండ్రియాలోని కోమ్ ఎల్-దిక్కా తవ్వకాల్లో పెద్ద సంఖ్యలో దొరికాయి. దక్షిణాన సూడాన్, ఉత్తరాన ఇటలీ, జర్మనీ, అంతకన్నా దూరాన ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని మియోల్స్ అనే ఊరు కూడా ఆ పటంలో ఉన్నాయి. రోమన్ పాలన బ్రిటన్‌లో అంతమై శతాబ్దం దాటాక ఒక ఈజిప్టు మట్టి కుప్పె అక్కడికి చేరిందంటే, అప్పటి సముద్ర మార్గాలు ఇంకా నడుస్తున్నాయనడానికి అంతకన్నా సాక్ష్యం వెతకనక్కర్లేదు. ఎవరో ఒక భక్తుడు గానీ వర్తకుడు గానీ దాన్ని పగలకుండా అంత దూరం మోశాడు.

మెనాస్ పేర ఖరీదైన వస్తువులు కూడా ఉండేవి. బ్రిటిష్ మ్యూజియంలో 6వ శతాబ్దపు గుండ్రని ఏనుగుదంతపు పేటిక ఒకటుంది. దాని చుట్టూ ఒకవైపు మెనాస్ మరణశిక్ష దృశ్యం చెక్కారు. మరోవైపు ఆయన ఒక తోరణం కింద నిలబడి ఉంటే, యాత్రికులు రెండు వైపుల నుంచీ దగ్గరకు వస్తుంటారు: ఒక వైపు ఆడవాళ్లు, ఇంకో వైపు మగవాళ్లు. ఆ కాలపు యాత్ర కళ్లకు కట్టాలంటే ఈ పేటికను మించిన చిత్రం లేదు.

శిథిలాల్లో ఏముంది

క్షేత్రానికి నడిబొడ్డు ఒకే వరసలో, పడమర నుంచి తూర్పుకు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉన్న మూడు కట్టడాలు. పడమట బాప్తిస్మశాల, మధ్యలో సమాధి మీది చర్చి, తూర్పున మహా బసిలికా. ఈ బసిలికా తన కాలంలో ఈజిప్టులోకెల్లా పెద్ద చర్చి. ఇప్పుడు నిలిచి ఉన్నది గోడల అడుగు వరసలు, కొన్ని స్తంభాల పీఠాలు, అక్కడక్కడ విరిగిన పాలరాతి ముక్కలు. కాని నేల మీది ఆ రేఖల వెంట నడిస్తే చాలు, రెండు వరసల స్తంభాల మధ్య జనం ఎంతమంది నిలబడగలిగేవారో లెక్క తెలుస్తుంది. బాప్తిస్మశాలలో పెద్దవాళ్లు మెట్లు దిగి మునిగి లేవడానికి వీలైన తొట్టి ఉంది. అంటే ఇక్కడికి వచ్చినవాళ్లలో అప్పటికింకా బాప్తిస్మం పొందని పెద్దలు కూడా ఉండేవారన్నమాట.

మెనాస్ సమాధి నేల మట్టానికి చాలా కిందనున్న గదిలో ఉండేది. యాత్రికులు మెట్లు దిగి అక్కడికి చేరేవారు. అంత దూరం వచ్చినవాళ్లు సమాధి ముందు నిలబడగలిగేది కొద్ది నిమిషాలే, వెనక జనం తోసుకొస్తుంటారు కాబట్టి. అయితే రోగుల సంగతి వేరు. సమాధి చర్చికి దక్షిణాన అర్ధచంద్రాకారంలో ఒక స్తంభాల వరండా, దాని వెంట వరసగా చిన్న గదులు బయటపడ్డాయి. స్వస్థత కోరివచ్చిన రోగులు సమాధికి వీలైనంత దగ్గరలో రాత్రులు పడుకోవడానికి ఇవి కట్టారని తవ్వినవారి అభిప్రాయం. కలలో మెనాస్ కనిపించి ఏం చేయాలో చెబుతాడని వాళ్ల నమ్మకం. క్రైస్తవానికి ముందు గ్రీకులు తమ వైద్య దేవుడు అస్క్లేపియస్ ఆలయాల్లో ఇలాగే నిద్ర చేసేవారు. మతం మారినా మొక్కుబడి తీరు మారలేదు. మన దగ్గర కూడా గుళ్లలో, దర్గాల్లో నిద్ర చేసే అలవాటు ఎరిగినవారికి ఈ గదులు పరాయివిగా అనిపించవు.

నడిబొడ్డుకు ఉత్తరాన పెద్ద ముంగిలి, దాని చుట్టూ సత్రాలు. స్తంభాల చావళ్లున్న వీధికి రెండు పక్కలా అంగళ్లు. రెండు స్నానశాలలు, వాటికి నీళ్లు కాచే పొయ్యిలు, గోడల్లో వేడి గాలి పోయే గొట్టాలు. నీళ్లు నిలవ చేసే తొట్లు, బావులు ఊరంతా కనిపిస్తాయి. సముద్రతీరపు శీతకాలం వానలు తప్ప ఇక్కడ వేరే ఆధారం తక్కువ. పడిన ప్రతి చుక్కనూ పట్టి దాచుకోవడం తెలిసినవాళ్లే ఈ నగరాన్ని నిలిపారు. తూర్పున కొంత దూరంలో మరో చర్చి, దాని చుట్టూ సన్యాసుల కుటీరాలు విడివిడిగా ఉన్నాయి.

ద్రాక్షతోటల సంగతి వేరే చెప్పాలి. మర్యూత్ ప్రాంతపు మద్యం రోమన్ల కాలానికే పేరుపడ్డది. అబూ మెనాలో ద్రాక్షపండ్లు తొక్కి రసం తీసే గచ్చు తొట్లు దొరికాయి. వాటితో పాటు కుండపెంకుల మీద సిరాతో రాసిన గ్రీకు లెక్కలు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఇవి 7వ శతాబ్దం నాటివి. ద్రాక్ష కోతకు వచ్చిన కూలీలకు ఇచ్చిన చెల్లింపుల వంటివి వీటిలో ఉన్నాయి. ఒక పుణ్యక్షేత్రం రోజులు గడవాలంటే ప్రార్థనతో పాటు పొలం, కూలి, పద్దు కూడా ఉండాలని ఈ పెంకులు గుర్తుచేస్తాయి. మహా బసిలికా కన్నా ఈ పెంకుల్లోనే ఆ ఊరి మామూలు మనుషులు మనకు దగ్గరగా కనిపిస్తారు.

పతనం

619 ప్రాంతంలో పర్షియన్ల దండయాత్రలో క్షేత్రం బాగా దెబ్బతింది. సుమారు రెండు దశాబ్దాలకే అరబ్బుల విజయం వచ్చింది. మధ్యధరా మీద రోమన్ రాజ్యాన్ని, ఈజిప్టును కలిపిన యాత్రా మార్గాలు తెగిపోయాయి. కుప్పెల తయారీ కూడా దాదాపు ఆ కాలంలోనే ఆగిపోయింది. మిగిలినవాళ్లు కూలిన కట్టడాల రాళ్లతోనే చిన్న ఇళ్లు కట్టుకున్నారు. 8వ శతాబ్దంలో కాప్టులు సమాధి చర్చి స్థానంలో అయిదు నడవల చర్చి కట్టుకున్నారు. 9వ శతాబ్దంలో ఖలీఫా అల్-ముతసిమ్ తన కొత్త రాజధాని సమర్రా కోసం ఈజిప్టు చర్చిల నుంచి పాలరాయి, స్తంభాలు పట్టించుకుపోయినప్పుడు అబూ మెనా కూడా దోపిడీకి గురైంది. 11వ శతాబ్దపు భూగోళ రచయిత అల్-బక్రి వర్ణన నాటికి ఎడారిలో కట్టడాలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. ఆ తర్వాత సంచార బెదూయిన్ల మందలు తప్ప ఇటు వచ్చినవారు లేరు. మెనాస్ అస్థికలు మధ్యయుగంలో కైరో చేరాయి.

తవ్వకాలు

జర్మన్ పండితుడు కార్ల్ మరియా కౌఫ్‌మన్ 1905లో ఇక్కడికి వచ్చి 1907 దాకా తవ్వించాడు. మూడు ప్రధాన కట్టడాలు, స్నానశాలలు, కుప్పెలు కాల్చే బట్టీలు ఆయన చేతుల మీదుగానే బయటపడ్డాయి. దొరికిన వస్తువుల్లో కొంత భాగం అలెగ్జాండ్రియాలోని గ్రీకో-రోమన్ మ్యూజియంలో ఉండగా, మరికొంత ఫ్రాంక్‌ఫర్ట్‌కు తరలిపోయింది. ఆ కాలపు పద్ధతి అది. కౌఫ్‌మన్ వేగంగా తవ్వాడు. ఏ గోడ ముందుది, ఏది తర్వాతది అన్న చిక్కుముడి విప్పడం తర్వాతి తరానికి మిగిలింది. ఆ పని 1960ల నుంచి జర్మన్ పురాతత్వ సంస్థ చేపట్టింది. పీటర్ గ్రోస్‌మన్ దశాబ్దాల పాటు ఇక్కడ పనిచేసి ఒకే చోట ఒకదాని మీద ఒకటి లేచిన చర్చిల వరసను విడదీసి చూపాడు. ఈ వ్యాసంలో చెప్పిన కట్టడాల కాలక్రమం చాలావరకు ఆయన చలవే.

నీటి ముప్పు

20వ శతాబ్దం చివర ఈ ప్రాంతంలో ఎడారిని సాగులోకి తెచ్చే పథకం ప్రపంచ బ్యాంకు నిధులతో మొదలైంది. కాలువలు వచ్చాయి, తోటలు లేచాయి. పొలాలకు పారించిన నీరు భూమిలోకి ఇంకి భూగర్భ జలమట్టం పైకి రాసాగింది. అబూ మెనా నేల బంకమట్టి. ఎండి ఉన్నప్పుడు రాయిలా గట్టిగా ఉంటుంది, నీరు ఎక్కువైతే గుజ్జులా మారిపోతుంది. పునాదులు కుంగాయి. పాత నీటి తొట్లు కూలి, వాటి మీది గోడలను లోపలికి లాగేశాయి. క్షేత్రానికి వాయవ్య భాగంలో నేల కింద పెద్ద బొరియలు పడ్డాయి. మెనాస్ సమాధి గదితో సహా ప్రమాదంలో ఉన్న కట్టడాల అడుగు భాగాలను అధికారులు ఇసుకతో నింపి సందర్శకులకు మూసివేయాల్సి వచ్చింది. 2001లో యునెస్కో అబూ మెనాను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

తప్పు రైతుదని అనడం న్యాయం కాదు. ఎడారిలో గింజ పండించి బతకడానికి వచ్చినవాడు భూమి కింద ఏముందో చూసుకుని నీళ్లు పెట్టడు. పథకం గీసినవాళ్లు ముందే చూసి ఉండాల్సింది. పక్కనే పదిహేను వందల ఏళ్ల నాటి నగరం ఉందని వాళ్లకు తెలియనిది కాదు. మురుగునీటి కాలువలు, పంపులు పెట్టి నీరు తోడడానికి చేసిన ప్రయత్నాలు చాలా ఏళ్లు నత్తనడకన సాగాయి. 2021లో సౌర విద్యుత్తుతో నడిచే పంపుల ఏర్పాటు పని మొదలుపెట్టాక నీటి మట్టం దిగింది. 2024లో స్థానిక ప్రజలను కలుపుకుని ఒక పరిరక్షణ ప్రణాళిక తయారైంది. 2025 జూలైలో పారిస్‌లో జరిగిన ప్రపంచ వారసత్వ సంఘం సమావేశం అబూ మెనాను ప్రమాద జాబితా నుంచి తొలగించింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత దొరికిన ఊరట అది. పంపులు ఆగకుండా నడవడం, చుట్టుపక్కల పొలాల్లో నీటి వాడకం అదుపులో ఉండటం మీదే ఇక ముందు సంగతి ఆధారపడి ఉంది.

మార్ మీనా మఠం

శిథిలాల పక్కన మళ్లీ ప్రార్థన వినిపించడానికి కారకుడు పోప్ ఆరో కిరిల్లోస్. ఆయన 1902లో పుట్టాడు. సన్యాసం తీసుకుని, 1936 నుంచి కొన్నేళ్లు కైరో శివార్లలోని ముకత్తం కొండల్లో పాడుపడ్డ గాలిమర ఒకదాన్ని ఇల్లు చేసుకుని ఒంటరిగా గడిపాడు. సన్యాసిగా తీసుకున్న పేరు కూడా మీనానే. అబూ మెనా శిథిలాల దగ్గర ఉండాలని ఆయన కోరుకున్నాడనీ అనుమతి దొరకలేదనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. 1959 మేలో కాప్టిక్ ఆర్థడాక్స్ చర్చికి 116వ పోప్‌గా పీఠమెక్కాడు. అదే ఏడాది నవంబరులో ఇక్కడ మఠానికి పునాదిరాయి వేశాడు. పదవి వచ్చిన ఏడు నెలల్లోపే చేపట్టిన పనుల్లో ఇదొకటంటే, ఆ కోరిక ఎన్నేళ్లు మనసులో ఉండి ఉంటుందో అర్థమవుతుంది. 1962లో కైరో నుంచి మెనాస్ అస్థికలలో కొంత భాగాన్ని ఇక్కడికి తెప్పించాడు.

కిరిల్లోస్ 1971 మార్చి 9న కన్నుమూశాడు. ఆయన చివరి కోరిక ప్రకారం 1972లో భౌతికకాయాన్ని కైరో నుంచి తెచ్చి మఠంలోని పెద్ద చర్చి కింది గదిలో ఉంచారు. 2013లో కాప్టిక్ చర్చి ఆయన్ని పునీతుడిగా ప్రకటించింది. జనం అప్పటిదాకా ఆగలేదు. చనిపోయిన నాటి నుంచే మొక్కులు మొదలయ్యాయి. ఆయన సమాధి మీద కాగితపు చీటీలు పడుతుంటాయి. పరీక్షలు రాసే పిల్లలు, సంతానం లేని దంపతులు, ఆపరేషనుకు వెళ్లబోయేవాళ్లు తమ విన్నపం రాసి, మడిచి అక్కడ పెడతారు. ఇప్పుడు మఠానికి వచ్చేవాళ్లలో చాలామందికి మెనాస్ ఎంత ముఖ్యుడో కిరిల్లోస్ కూడా అంతే.

మఠం ఎత్తైన ప్రహరీలో విశాలంగా ఉంటుంది. జంట గోపురాల పెద్ద చర్చి దూరం నుంచే కనిపిస్తుంది. సన్యాసులు నల్లని అంగీ తొడిగి, తలకు శిలువలు కుట్టిన నల్లని టోపీ పెట్టుకుంటారు. వీళ్లను జనం అబూనా అని పిలుస్తారు, మన దగ్గర ఫాదర్ అన్నట్టు. తెల్లవారుజామున మొదలయ్యే ఆరాధనలో పాతకాలపు కాప్టిక్ భాష, అరబ్బీ రెండూ వినిపిస్తాయి. వాయిద్యాలంటే తాళాలు, ముక్కోణపు గంట మాత్రమే. ఆరాధన అయ్యాక కుర్బాన్ అనే గుండ్రని రొట్టె పంచుతారు. రొట్టె మీద నడుమ పెద్ద శిలువ, చుట్టూ పన్నెండు చిన్న శిలువలు అచ్చు వేసి ఉంటాయి, అపొస్తలులకు గుర్తుగా. అస్థికల పేటికకు పూసే సుగంధ ద్రవ్యాల పొడిని, దీపపు నూనెను చిన్న పొట్లాల్లో, సీసాల్లో యాత్రికులు ఇంటికి తీసుకువెళ్తారు. ఆ మట్టి కుప్పెల పని ఇప్పుడు వీటితో జరుగుతోంది.

యాత్రికులకు

మఠానికీ శిథిలాలకూ వెళ్లడానికి బోర్గ్ ఎల్-అరబ్ పట్నం దగ్గరి మజిలీ. అలెగ్జాండ్రియా నుంచి కారులో సుమారు గంట ప్రయాణం. కైరో నుంచి చర్చి బృందాలు బస్సుల్లో తెల్లవారకముందే బయలుదేరి వస్తాయి. ఈజిప్టులో శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు రద్దీ ఎక్కువ. శిథిలాల్లో నీడ ఉండదు. వేసవిలో అయితే ఉదయమే చూసుకుని, ఎండ ముదిరే వేళకు మఠానికి చేరడం మంచిది. ఏ కాలంలోనైనా ముందు శిథిలాలు చూసి తర్వాత మఠానికి వెళ్లడమే సరైన వరస. సమాధి చర్చి పునాదులు, రోగుల గదులు చూసి వచ్చినవారికి మఠంలో చీటీలు పెడుతున్న జనాన్ని చూస్తే ఆ మొక్కుకునే తీరు మారలేదని తెలుస్తుంది. శిథిలాలు వదిలేసి మఠం ఒక్కటీ చూసి వెనుదిరిగేవారు కథలో సగం కోల్పోతారు.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. బలిపీఠం ఉండే భాగంలోకి చెప్పులతో ఎవరూ వెళ్లరు, కాప్టులు అక్కడ ఎంతో నిష్ఠగా ఉంటారు. ఉపవాస దినాలు కాప్టిక్ పంచాంగంలో ఏడాదికి రెండు వందలు దాటుతాయి. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద ఉపవాసకాలంలో చాలా కాప్టిక్ మఠాలు సందర్శకులను రానివ్వవు కాబట్టి బయలుదేరేముందు అడిగి తెలుసుకోవాలి. మెనాస్ పండగ కాప్టిక్ పంచాంగంలో హతూర్ నెల 15న, అంటే నవంబరు 24న, వస్తుంది. ఆయన పేర కట్టిన చర్చి ప్రతిష్ఠకు గుర్తుగా జూన్ 22న మరో పండగ ఉంది. కిరిల్లోస్ వర్ధంతి మార్చి 9న. ఈ రోజుల్లో మఠం జనంతో కిటకిటలాడుతుంది. పండగ వాతావరణం చూడాలనుకుంటే అప్పుడే రావాలి, శిథిలాలను తీరిగ్గా చూడదలచినవారు మాత్రం వేరే రోజు పెట్టుకోవడం మేలు.